చిరివేరు నుంచి పాస్‌వర్డ్ దాకా

1742 జనవరిలో తెలుగు నేర్చిన ఫ్రెంచ్ జెసూయిట్ మతాచార్యుడు కెర్దూ, కోరమాండల్ తీరం నుంచి స్వదేశానికి ఒక సుదీర్ఘ లేఖ రాశాడు. అందులో ఉన్నది మన అద్దకం గుట్టు. నూలుబట్టను కరక్కాయతో, గేదెపాలతో ఎలా సిద్ధం చేయాలో, పటిక ఎలా పట్టించాలో, చిరివేరుతో చెరగని ఎరుపు ఎలా తేవాలో వరుసగా వివరించాడు. ఆ విద్యను ఆయనకు చెప్పినవారు, ఆయన ద్వారా క్రైస్తవం స్వీకరించిన అద్దకపు పనివారే.

మన అద్దకపు బట్టల పోటీని తట్టుకోలేక 1686లో ఫ్రాన్స్, 1700లో ఇంగ్లండ్ నిషేధాలు విధించాయి. సరకును రేవులో ఆపవచ్చు. కాగితమెక్కిన విద్యను వెనక్కి తెచ్చుకోవడం ఎవరి తరమూ కాదు.

గూఢచర్యం స్వభావం నేటికీ అదే, మారినవి సాధనాలు. 2015 ఫిబ్రవరిలో ఢిల్లీ శాస్త్రిభవన్‌లోని పెట్రోలియం శాఖ పత్రాలు కంపెనీలకు చేరుతున్నాయంటూ పోలీసులు అరెస్టులు చేసినప్పుడు వినిపించినవి మారుతాళాలు, నకిలీ గుర్తింపు కార్డుల మాటలు. ఐదేళ్లకే, 2020 జూన్‌లో, కెనడాకు చెందిన సిటిజన్ ల్యాబ్ మరో చిత్రాన్ని బయటపెట్టింది. ఢిల్లీలోని ఒక సంస్థతో ముడిపడిన కిరాయి హ్యాకర్లు నకిలీ ఈ-మెయిళ్లతో పాస్‌వర్డ్‌లు రాబట్టేందుకు పలు దేశాలవారిపై వల విసిరారని పేర్కొంది. ఆ సంస్థ ఆరోపణలను ఖండించింది. బాధితుల జాబితాలో ఆర్థిక సంస్థలతో పాటు పాత్రికేయులు, పర్యావరణ ఉద్యమకారులూ ఉన్నారు.

మన దేశంలో వ్యాపార రహస్యాలకు ప్రత్యేక చట్టం లేదు. ఒప్పందాలు, విశ్వాసభంగ సూత్రాలు, 2000 నాటి ఐటీ చట్టమే దిక్కు. 2023 నాటి డేటా చట్టం వ్యక్తిగత సమాచారానికే పరిమితం. 2024 మార్చిలో లా కమిషన్ తన 289వ నివేదికలో ప్రత్యేక చట్టాన్ని సిఫారసు చేస్తూ, అక్రమాలను బయటపెట్టేవారికి మినహాయింపు ఉండాలని కూడా చెప్పింది.

ఆ మినహాయింపే కీలకం. అది బలహీనపడితే, నదిలోకి విషం వదిలే కర్మాగారం కాగితాలు కూడా ‘వ్యాపార రహస్యం’ అవుతాయి. చట్టం వచ్చేలోగా జాగ్రత్త సంస్థలదే: ఏ పత్రం ఎవరికి అందుబాటులో ఉండాలో తేల్చడం, రెండంచెల ధ్రువీకరణ, వెళ్లిపోయిన ఉద్యోగి ఖాతాను ఆనాడే మూసేయడం. పెద్ద కంపెనీలకు ఇందుకు నిపుణులుంటారు. రేపటి చట్టం కాపాడవలసింది, అద్దకపు పనివారిలా నమ్మకం తప్ప మరో తాళం లేని చిన్న పరిశ్రమలను.