వీరుడి మరణం, వారసుడి ప్రవేశం

బల్ల చుట్టూ కూర్చున్న కొందరిలో ఒకరు రెఫరీగా ఉండి ఒక కల్పిత లోకాన్ని వర్ణిస్తుండగా, మిగిలినవారు తలా ఒక పాత్రను ధరించి ఆ పాత్ర ఏం చేస్తుందో మాటల్లో చెబుతూ, ఫలితం ఎటూ తేలని చోట పాచికలు వేసి నిర్ణయించుకునే ఆటను రోల్‌ప్లేయింగ్ ఆట అంటారు. ఒకే పాత్రతో ఏళ్ల తరబడి సాగగల ఆట కనుక, ఆ పాత్ర చనిపోతే ఆటగాడి గతేమిటన్న ప్రశ్న తొలినాళ్ల నుంచీ దీన్ని వెన్నాడుతూనే ఉంది.

ఈ ఆటలు అమెరికాలోని యుద్ధక్రీడల నుంచి పుట్టాయి. గ్యారీ గైగ్యాక్స్, జెఫ్ పెరెన్ 1971లో వెలువరించిన ‘చెయిన్‌మెయిల్’ నిబంధనల ప్రకారం మామూలు సైనికుడి బొమ్మ ఒక్క దెబ్బకే బల్ల మీది నుంచి తొలగిపోయేది. వీరుడైతే ఒకేసారి నాలుగు దెబ్బలు తగిలితే గాని పడడు. అదే కాలంలో మినియాపొలిస్, సెయింట్ పాల్ జంటనగరాల్లో ‘బ్లాక్‌మూర్’ అనే ఆటను నడిపిన డేవ్ ఆర్నెసన్, తన ఆటగాళ్లు ఒక్కొక్క బొమ్మనే తమదిగా భావించి దాని మీద మమకారం పెంచుకోవడం, ఒక్క దెబ్బకు దాన్ని పోగొట్టుకోవడానికి ఇష్టపడకపోవడం గమనించాడు. అందుకు పరిష్కారంగా, అమెరికా అంతర్యుద్ధ కాలపు ఇనుపకవచ నౌకల పోరుకు తాను రాసుకున్న నిబంధనల నుంచి ‘హిట్ పాయింట్లు’ అనే పద్ధతిని తెచ్చుకున్నట్టు ఆయన తర్వాతి కాలంలో చెప్పాడు. నౌక ఎన్ని దెబ్బలు తిని మునుగుతుందో లెక్కగట్టే అంకె ఆ విధంగా మనిషి ఆయువుకు కొలత అయింది.

గైగ్యాక్స్, ఆర్నెసన్ కలిసి 1974లో ప్రచురించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’లో ఆ ఆయువు చాలా స్వల్పం. కొత్త మాంత్రికుడికి ఆరు ముఖాల పాచికను ఒక్కసారి వేయగా వచ్చినన్ని పాయింట్లే దక్కేవి; అతనికి తగిలే కత్తిదెబ్బ నష్టాన్నీ అదే పాచికతో నిర్ణయించేవారు కనుక, మొదటి పోరులోనే ప్రాణం పోవడం వింతేమీ కాదు. చనిపోయినవారిని లేపే మంత్రం ఉన్నా, అది పైస్థాయి మతాచార్యుడికే సాధ్యం. అయితే ఆ చిన్న పుస్తకంలోనే, నేడు చాలామంది మరచిన మరో ఏర్పాటు ఉంది. రెఫరీ అనుమతిస్తే ఆటగాడు తన పాత్రకు ఒక బంధువును వారసుడిగా పేర్కొనవచ్చు. మరణం రుజువైనా కాకున్నా, పాత్ర ఆటకాలంలో ఒక నెలపాటు కనబడకుండా పోతే, ఆ బంధువు పది శాతం పన్ను చెల్లించి ఆస్తిని స్వాధీనం చేసుకొని, అట్టడుగు స్థాయి నుంచి ఆట మొదలుపెడతాడు. పోయినవాడు తిరిగివస్తే మళ్లీ పది శాతం కట్టి తన ఆస్తి తాను పొందవచ్చు. కాని అనుభవించిన సంపద చేజారిన ఆ బంధువు దాన్ని మళ్లీ దక్కించుకోవడానికి లోలోపల కుట్ర పన్నవచ్చునని కూడా నిబంధన హెచ్చరిస్తుంది. మొరటు నిబంధనల పుస్తకంగా పేరుపడ్డ దానిలో ఇంతటి లోకజ్ఞానం ఉండటం విశేషమే. మరణాన్ని కేవలం శిక్షగా కాక, ఒక కుటుంబంలో జరిగే సంఘటనగా చూసిన తొలి ప్రయత్నంగా దీనికి దక్కవలసినంత గౌరవం దక్కలేదు.

ఆ దారిలో ఆట వెంటనే సాగలేదు. గైగ్యాక్స్ 1975లో ఒక పోటీ కోసం రూపొందించి 1978లో ప్రచురించిన ‘టూమ్ ఆఫ్ హారర్స్’ అనే సాహసంలోని సమాధిలో, రాక్షసముఖ శిల్పం తెరచిన నల్లని నోట్లోకి దూరినవాడు ఆనవాలు లేకుండా మాయమవుతాడు. అక్కడ మరణం ఆటగాడి తెలివికి పెట్టిన పరీక్ష. కాని 1979 నాటి రెఫరీ గ్రంథం కొంత మెత్తబడి, సున్నాకు చేరిన పాత్ర స్పృహ కోల్పోయి, మైనస్ పదికి చేరేదాకా ఒక్కో పాయింటు చొప్పున క్షీణిస్తుందని చెప్పి, తోటివారికి కట్టు కట్టే వ్యవధి కల్పించింది. ఇతర ఆటలు తమతమ దారులు పట్టాయి. 1977 నాటి ‘ట్రావెలర్’లో పాత్రను తయారు చేస్తుండగానే అది చనిపోవచ్చు; 1984లో వచ్చిన ‘పారనోయా’ ఒక్కొక్కరికి ఆరు నకలు దేహాలనిచ్చింది; అదే ఏటి ‘టూన్’లో కార్టూన్ పాత్ర మూడు నిమిషాలు పక్కన కూర్చుని లేచి వస్తుంది.

2014లో వచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అయిదో రూపంలో, పడిపోయిన పాత్ర తన వంతు వచ్చినప్పుడల్లా ఇరవై ముఖాల పాచిక వేయాలి; పది లేదా అంతకు మించి మూడుసార్లు పడితే ప్రాణగండం తప్పుతుంది, మూడుసార్లు తక్కువ పడితే మరణమే. చనిపోయినా పది రోజుల లోపు అయిదు వందల బంగారు నాణేల విలువైన వజ్రంతో లేపవచ్చు. పాచిక విసిరే ఆ క్షణాల ఉత్కంఠ నిజమైనదే అయినా, డబ్బున్న బృందానికి మరణం ఒక ఖర్చుగా మిగలడం ఇందులోని లోపం.

వారసుడి ఆలోచనను నిండుగా పండించినది గ్రెగ్ స్టాఫర్డ్ 1985లో రూపొందించిన ‘పెండ్రాగన్’. ఆర్థర్ రాజు కాలపు ఈ ఆటలో ఒక్కో సాహసం తర్వాత శీతకాలం వస్తుంది. అప్పుడు పాచికలే పెళ్లిళ్లను, పుట్టుకలను, పసిపిల్లల మరణాలను, పంటల స్థితిని తేలుస్తాయి. ఆయనే 2006లో వెలువరించిన బృహత్కథ ఎనభై ఏళ్లకు పైగా సాగుతుంది కనుక, ఏ ఒక్క యోధుడూ దాన్ని చివరిదాకా చూడలేడు. తండ్రి యుద్ధంలో నేలకొరిగితే ఆటగాడు కొడుకు పాత్రను చేపడతాడు. 1974లో వారసుడి నుంచి పదో వంతును పన్నుగా తీసుకున్న చోట, ఇక్కడ తండ్రి ఆర్జించిన కీర్తిలో పదో వంతు కొడుకు ఖాతాలో చేరుతుంది.