హఫ్‌డఫ్: అచ్చులు తొడుక్కున్న హల్లులు

హెచ్, ఎఫ్, డి, ఎఫ్. నాలుగూ హల్లులే, అచ్చు తోడు లేకపోతే నోరు తిరగదు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ నావికులు వాటి మధ్య అచ్చులు చేర్చి ‘హఫ్‌డఫ్’ అన్నారు. ‘హై ఫ్రీక్వెన్సీ డైరెక్షన్ ఫైండింగ్’ అన్న బారెడు పేరుకు ఇది ముద్దుపేరు. అంటే, రేడియో సంకేతం ఏ దిక్కు నుంచి వస్తోందో పట్టే విద్య.

అంతకు ముందు చుట్ట యాంటెనాను చేత్తో తిప్పుతూ, శబ్దం సన్నగిల్లే కోణం వెతికేవారు. అందుకు నిమిషం పట్టినా ఆలస్యమే. జర్మన్ జలాంతర్గాముల చిన్న సందేశాలు క్షణాల్లో ముగిసేవి.

దారి చూపింది మెరుపు. పిడుగులు పుట్టించే రేడియో తరంగాల జాడ తీయడానికి రాబర్ట్ వాట్సన్ వాట్ 1926లో క్యాథోడ్ రే గొట్టాన్ని వాడాడు. 1919లో ఫ్రాంక్ ఆడ్కాక్ పేటెంట్ పొందిన నిలువు యాంటెనాల అమరిక కూడా తర్వాత తోడైంది. ఇవి కదలవు. ఉత్తర దక్షిణాల జత తెరపై చుక్కను నిలువుగా, తూర్పు పడమరల జత అడ్డంగా లాగుతాయి. రెండూ కలిసి గీసిన ఏటవాలు గీతే దిక్కు! ఇంత అందమైన ఉపాయం అరుదు.

ఒక కేంద్రం చెప్పేది దిక్కే. రెండో కేంద్రం గీత దాన్ని ఖండించిన చోట చిరునామా దొరుకుతుంది. 1940లో సొంత యుద్ధ విమానాల ఆచూకీకి కూడా బ్రిటన్ ఇదే వాడింది. విమానంలోని ‘పిప్‌స్క్వీక్’ పరికరం నిమిషానికి 14 సెకన్లు కూత వేసేది.