రెండు ఇంధనాల కారు: న్యూజిలాండ్ సహజవాయు ప్రయోగం

పెట్రోలు కోసం తయారైన కారును సహజవాయువుతో నడిచేలా మార్చుకునే పద్ధతి ఇటీవలిదని చాలామంది భావించినా, దానికి ఎనిమిది దశాబ్దాలకు మించిన చరిత్ర ఉంది. ఆ చరిత్రను నడిపించినది యంత్ర నిర్మాణంలోని నైపుణ్యం కంటే ఇంధనం ధర, ప్రభుత్వాల విధానమే. ఇందుకు న్యూజిలాండ్‌ను మించిన నిదర్శనం లేదు. 1979 తర్వాత కొద్ది సంవత్సరాల్లోనే ఆ చిన్న దేశంలో లక్షకు పైగా వాహనాలు గ్యాసుకు మారాయి. తర్వాతి దశాబ్దం గడిచేసరికి ఆ అలవాటు దాదాపు అంతరించింది.

ఇంత వేగంగా పెరిగి అంతే వేగంగా తరిగిపోవడానికి మూలం ఆ మార్పిడి స్వభావంలోనే ఉంది. సహజవాయువులో ప్రధానాంశమైన మీథేన్, వంటింటి సిలిండర్‌లోని ఎల్‌పీజీలా కొద్దిపాటి ఒత్తిడికి ద్రవం కాదు. సాధారణ వాతావరణ పీడనంలో దాన్ని ద్రవంగా ఉంచాలంటే మైనస్ 162 డిగ్రీల సెల్సియస్ వరకు చల్లబరచవలసి ఉంటుంది. సొంత కారులో అటువంటి ఏర్పాటు కుదరదు కనుక, వాయువునే వాతావరణ పీడనానికి సుమారు 200 రెట్ల ఒత్తిడితో మందపాటి ఉక్కు సిలిండర్‌లో నింపుతారు; దీన్నే సంపీడిత సహజవాయువు లేదా సీఎన్‌జీ అంటారు. ఇంత ఒత్తిడి పెట్టినా 60 లీటర్ల సిలిండర్‌లో పట్టేది సుమారు 10 కిలోల వాయువు మాత్రమే, అయినా ఆ సిలిండర్ డిక్కీలో అధిక భాగాన్ని ఆక్రమిస్తుంది. సిలిండర్ నుంచి వచ్చే వాయువు ఒత్తిడిని రెడ్యూసర్ అనే పరికరం అంచెలంచెలుగా తగ్గిస్తుంది. ఒత్తిడి తగ్గేటప్పుడు వాయువు విపరీతంగా చల్లబడి ఆ పరికరం మీద మంచు పేరుకునే ప్రమాదం ఉన్నందున, ఇంజన్‌లో వేడెక్కిన రేడియేటర్ నీటిని దాని గుండా తిప్పుతారు. ఆనాటి కార్లలో కార్బ్యురేటర్ పైన బిగించిన మిక్సర్ ఈ వాయువును గాలితో కలిపి ఇంజన్‌కు అందించేది. వాయువు గాలి చోటును కొంత ఆక్రమించడం వల్ల ఇంజన్ శక్తి ఇంచుమించు పదో వంతు తగ్గుతుంది. పెట్రోలు ట్యాంకును మాత్రం తొలగించరు. డాష్‌బోర్డు మీది చిన్న మీటతో కారు ఒక ఇంధనం నుంచి మరొక ఇంధనానికి మారుతుంది. కొనుగోలుదారుకు ధైర్యమిచ్చినది ఈ మీటే, తర్వాతి కాలంలో న్యూజిలాండ్ పథకాన్ని దెబ్బతీసినదీ ఇదే.

పెట్రోలుకు బదులు వాయువును వాడే ప్రయత్నాలు యుద్ధకాలాల్లోనే మొదలయ్యాయి. మొదటి ప్రపంచ యుద్ధ సమయంలో బ్రిటన్‌లో కొన్ని వాహనాలు పైకప్పు మీద పెద్ద సంచుల్లో బొగ్గువాయువును నింపుకొని తిరిగాయి. రెండవ ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకు రేషన్ రావడంతో తెలుగు ప్రాంతాల్లో సైతం, కట్టెబొగ్గును చాలీచాలని గాలిలో మండించి అందులోంచి పుట్టే వాయువుతో బస్సులు నడిపారు. జనం వాటిని బొగ్గు బస్సులన్నారు, యుద్ధానంతరం పెట్రోలు దొరకగానే ఎవరూ విచారించకుండా అవి మాయమయ్యాయి. సహజవాయువు విషయంలో నిలకడగా ముందుకు సాగిన దేశం ఇటలీ. చమురు లేని ఆ దేశంలో ముస్సోలినీ పాలనలోని స్వావలంబన విధానం మీథేన్ వాడకాన్ని ప్రోత్సహించింది. 1944లో పో నదీ మైదానంలోని కవియాగా వద్ద పెద్ద వాయు క్షేత్రం బయటపడింది. యుద్ధం ముగిశాక ప్రభుత్వ చమురు సంస్థ ఆజిప్‌ను నడిపించిన ఎన్రికో మాట్టెయి ఆ మైదానమంతటా పైపులైన్లు వేయించాడు. ఆ పరిసరాల పట్టణాల్లోనే మార్పిడి పరికరాల తయారీ ఒక వృత్తిగా స్థిరపడింది. 1954లో రెజ్జో ఎమీలియాలో ప్రారంభమైన లాండి సంస్థ అందులో ఒకటి. నేటికీ భారతీయ మెకానిక్కులు గ్యాస్ కిట్ల విషయంలో ఇటలీ పేర్లను వల్లించడానికి కారణం ఈ పూర్వచరిత్రే.

న్యూజిలాండ్ దారి వేరు. ఉత్తర దీవిలోని తారనాకి తీరానికి ఆవల సముద్రగర్భంలో 1969లో మావుయి అనే భారీ వాయు క్షేత్రం దొరికింది. విద్యుత్తు అవసరం ఏటేటా పెరుగుతుందన్న అంచనాతో ప్రభుత్వం 1973లో ఒక ఒప్పందం చేసుకుని, నిర్ణీత పరిమాణంలో వాయువును తీసుకున్నా తీసుకోకపోయినా దాని వెల చెల్లిస్తానని అంగీకరించింది. విద్యుత్తు డిమాండ్ అనుకున్నంతగా పెరగలేదు. 1979లో మావుయి ఉత్పత్తి మొదలయ్యే నాటికి ప్రభుత్వానికి అవసరానికి మించిన వాయువు, దానికి చెల్లించక తప్పని బిల్లు మిగిలాయి. సరిగ్గా అదే సంవత్సరం ఇరాన్ విప్లవం వల్ల ప్రపంచ చమురు ధరలు విపరీతంగా పెరిగాయి. ఆ ఏడాది జులై 30 నుంచి పెట్రోలు కార్ల యజమానులు వారానికి ఒక రోజు కారు తీయకూడదన్న నిబంధన వచ్చింది. ఏ రోజు కారు ఆపుతారో తామే ఎంచుకుని, ఆ రోజును తెలిపే స్టిక్కర్‌ను ముందు అద్దానికి అంటించుకోవాలి. మినహాయింపుల మూలంగా బలహీనపడిన ఆ నిబంధన 1980 మే నెలలో రద్దయింది గాని, మిగులు వాయువును కార్లకు మళ్లించే సీఎన్‌జీ పథకం కొనసాగింది.

ప్రధాని రాబర్ట్ మల్డూన్ ప్రభుత్వం 1,50,000 వాహనాలను మార్చాలని లక్ష్యం పెట్టుకుని, మార్పిడి చేయించుకునేవారికి, గ్యాస్ పంపులు పెట్టే బంకు యజమానులకు ఆర్థిక సహాయం ప్రకటించింది. తర్వాతి దశలో మార్పిడి ఖర్చుకు తక్కువ వడ్డీ రుణాలు కూడా ఇచ్చింది. బంకులు లేనిదే కార్లు మారవు, కార్లు లేనిదే బంకులు రావు అన్న చిక్కుముడిని ఒకేసారి రెండు కొసలా విప్పడానికి చేసిన ఈ యత్నం నిజంగా తెలివైనదని ఒప్పుకోవాలి. పైపులైన్లు లేని దక్షిణ దీవి మాత్రం ఈ ప్రయోజనానికి దూరమై ఎల్‌పీజీతో సరిపెట్టుకుంది.

1984 జులైలో అధికారంలోకి వచ్చిన డేవిడ్ లాంగే ప్రభుత్వంలో ఆర్థికమంత్రి రోజర్ డగ్లస్ సబ్సిడీలను వరుసగా ఎత్తివేశాడు. 1985లో సీఎన్‌జీ ప్రోత్సాహకాలకూ ఆ గతే పట్టింది. 1986 ఆరంభంలో ముడిచమురు ధర సగానికి పడిపోవడంతో గ్యాసు వాడకం వల్ల మిగిలే సొమ్ము కిట్టు ఖర్చుకు తగినంతగా కనిపించలేదు. అదే కాలంలో తారనాకిలోని మోటునుయి వద్ద సహజవాయువు నుంచి కృత్రిమ పెట్రోలు తీసే కర్మాగారం పని ప్రారంభించింది. నేరుగా కారులో మండించగల వాయువును, అందులోని శక్తిలో గణనీయమైన భాగాన్ని నష్టపరచుకుంటూ పెట్రోలుగా మార్చడం ఆ కాలపు విధానాల్లోని విచిత్రం. అప్పటికే గ్యాసుకు మారినవారు కారు అమ్మే పని గాని, మరమ్మతు గాని లేకుండానే మీట నొక్కి పెట్రోలుకు తిరిగి వెళ్లిపోయారు. సిలిండర్‌కు నిర్ణీత కాలానికి తప్పనిసరి పరీక్ష చేయించే ఖర్చును తప్పించుకోవాలని కొందరు కిట్టునే ఊడదీయించారు. వాడకం తగ్గేకొద్దీ పంపులు మూతపడ్డాయి, పంపులు మూతపడేకొద్దీ మిగిలినవారూ విరమించుకున్నారు.

భారతదేశంలో ఈ క్రమం తలకిందులుగా సాగింది. గాలి కాలుష్యంపై న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో, శుభ్రమైన ఇంధనానికి మారాలంటూ సుప్రీంకోర్టు 1998 జులై 28న ఇచ్చిన ఆదేశాలు ఢిల్లీ బస్సులకు, ఆటోలకు, టాక్సీలకు సంబంధించినవే. సొంత కార్లను ఎవరూ నిర్బంధించలేదు. అయితే మీట నొక్కి వెనక్కి వెళ్లే వీలు లేని ఆ బస్సుల కోసం వెలసిన బంకులు, పెట్రోలుకు గ్యాసుకు మధ్య ధరల అంతరం, కార్ల యజమానులను తమంతట తామే కిట్ల వైపు నడిపించాయి. కృష్ణా గోదావరి బేసిన్ వాయువు చాలాకాలం విద్యుత్కేంద్రాలకు, ఎరువుల కర్మాగారాలకు వెళ్లిన తర్వాతే తెలుగు నగరాల్లోని వాహనాలకు అందింది. గెయిల్, హిందుస్తాన్ పెట్రోలియం కలిసి 2003లో స్థాపించిన భాగ్యనగర్ గ్యాస్ హైదరాబాద్, విజయవాడలలో ఆ పని చేపట్టింది. 2010లో మారుతి ఒకేసారి ఐదు మోడళ్లను ఫ్యాక్టరీలోనే సీఎన్‌జీ అమర్చి విడుదల చేయడంతో, బయట కిట్లు బిగించి ఆర్‌సీ పుస్తకంలో ఇంధనం మార్పు నమోదు చేయించే వృత్తికి గట్టి పోటీ ఎదురైంది. న్యూజిలాండ్ యజమానులు విసుక్కున్న డిక్కీ సమస్యకు సైతం ఫ్యాక్టరీలే పరిష్కారం వెతికాయి: 2023లో టాటా సంస్థ ఆల్ట్రోజ్ కారులో 60 లీటర్ల ఒకే సిలిండర్‌కు బదులు 30 లీటర్ల సిలిండర్లు రెండింటిని డిక్కీ అడుగున పక్కపక్కన అమర్చింది.