బడిపిల్లల చేతికి త్రాసు

కాలుష్యం, కరువు, అడవుల తరుగుదల వంటి నష్టాలు సమాజంలో ఎవరి మీద ఎంతెంత పడుతున్నాయో, వాటి వెనుక ఉన్న లాభాలు ఎవరికి చేరుతున్నాయో లెక్క తేల్చి, ఆ తేడాను సరిచేయమని అడిగే భావనను పర్యావరణ న్యాయం అంటారు. ఈ మాట భారతీయ పాఠశాలల్లో వినబడడానికి ఎంతో ముందే, ఉపాధ్యాయులు పిల్లల చేత ఊరి నీటిని, నేలను, కట్టెల మోపులను కొలిపించిన చోట దాని సారం రూపు కట్టింది. అందువల్ల ఈ చరిత్రలో ఏ ఉత్తర్వు ఎప్పుడు వెలువడిందన్న దానికన్నా, కొలిచే పని ఎవరి చేతిలో ఉండిందన్నదే ముఖ్యమైన ప్రశ్న.

ఆ పని మొదట పిల్లల చేతిలో లేదు. తాగునీటిలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు బిగుసుకుపోయే వ్యాధిని 1937లో నాటి నెల్లూరు జిల్లాలో వైద్య పరిశోధకులు గుర్తించిన తరువాత, అదే పీడ నల్గొండ ప్రాంతంలోనూ బయటపడింది. నీటిలోని ఫ్లోరైడ్‌ను సున్నంతో, పటికతో తగ్గించే విధానానికి నాగపూర్‌లోని జాతీయ పరిశోధన సంస్థ 'నల్గొండ పద్ధతి' అని పేరు పెట్టడంతో, ఆ జిల్లా పేరు రోగంతో పాటు వైద్యానికీ అంటుకుంది. శాశ్వత దంతాలు చిగుళ్ల లోపల తయారయ్యే బాల్యంలో తాగిన నీటి ప్రభావమే పంటి మీద గారలుగా మిగిలిపోతుంది కనుక, పిల్లల పలువరుస ఊరి నీటి చరిత్రకు నమ్మదగిన దస్తావేజు. 2008-09లో మొదలైన జాతీయ ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమం, తొలి జిల్లాల్లో ఒకటిగా నెల్లూరును ఎంచుకుని, 6 నుంచి 11 ఏళ్ల బడిపిల్లల పళ్లను పరీక్షించే పద్ధతిని పెట్టుకున్నది అందుకే. అయితే అటువంటి సర్వేల్లో పిల్లవాడు కొలతకు గురయ్యేవాడే గాని కొలిచేవాడు కాడు.

ఈ వరుసను తిరగేసిన తొలి పెద్ద ప్రయత్నం మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 పాఠశాలలతో మొదలైంది. కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు స్వచ్ఛంద సంస్థలు ప్రభుత్వ బడులతో కలిసి నడిపిన ఆ విజ్ఞాన బోధన కార్యక్రమంలో పిల్లలే ప్రయోగం చేసి, పొలానికి వెళ్లి చూసి, నిర్ధారణకు రావాలి. పరీక్షలో పుస్తకం తెరిచి చూసుకోవచ్చు. పాఠం తేల్చని ప్రశ్నలను 'సవాలీరామ్' అనే కల్పిత వ్యక్తికి ఉత్తరం రాసి అడగవచ్చు. జవాబు తెలియదని తరగతిలో ఒప్పుకోవడం ఉపాధ్యాయుని పరువుకు నష్టం కాదని అలవాటు చేసినది ఈ కార్యక్రమమే. 1978 నాటికి జిల్లా అంతటికీ విస్తరించిన దీన్ని 2002లో రాష్ట్ర ప్రభుత్వం నిలిపివేసింది.

కొలతను న్యాయం దాకా నడిపించిన ఘనత మాత్రం హిమాలయ సానువుల్లోని అల్మోరాకు దక్కుతుంది. చెట్లను కౌగిలించుకుని నరికివేతను అడ్డుకున్న చిప్కో ఉద్యమం 1973లో పుట్టినదీ, 1974లో రేణి గ్రామంలో గౌరాదేవి నాయకత్వాన స్త్రీలు కూలీలను వెనక్కి పంపినదీ ఆ కొండల్లోనే. 1986 నాటి జాతీయ విద్యావిధానం తరువాత, 1987 నుంచి అక్కడి ఉత్తరాఖండ్ సేవానిధి అనే సంస్థ 6 నుంచి 8 తరగతులకు పర్యావరణ పాఠాలు తయారు చేయడం ప్రారంభించి, ఊరినీ, ఆ ఊరికి మేత, వంటచెరకు, నీరు, ఎరువు అందించే చుట్టుపక్కల నేలనూ ఒకే వ్యవస్థగా చూపింది. అడవి నుంచి వచ్చిన కట్టెల మోపును పిల్లలు తూచి, ఇంటికి రోజుకు ఎంత కావాలో, ఊరికి ఏడాదికి ఎంతవుతుందో గుణించి, ఆ మొత్తాన్ని అడవి ఇవ్వగలిగిన దానితో పోల్చేవారు. లెక్క అక్కడితో ఆగదు. మోపు బరువు పట్టికలోకి ఎక్కగానే దాన్ని మోసినది ఎవరన్న ప్రశ్న వస్తుంది. ఆ కొండల్లో జవాబు దాదాపు ఎప్పుడూ తల్లో, అక్కో, లేదా బడికి రావలసిన ఆడపిల్లో. అడవి వెనక్కి జరిగినకొద్దీ ఎవరి నడక పెరుగుతుందో చెప్పడానికి ఉపాధ్యాయుడు ఉపన్యాసం ఇవ్వనక్కరలేకపోయింది.

సర్వోన్నత న్యాయస్థానం 1991 నవంబరులో, ఎం. సి. మెహతా దాఖలు చేసిన వ్యాజ్యంలో, పర్యావరణాన్ని తప్పనిసరి పాఠ్యాంశం చేయాలని ఆదేశించింది. 2001-02లో జాతీయ హరిత దళం పేరిట బడుల్లో ఎకో క్లబ్బులు వచ్చాయి. వ్యాప్తి పెరిగిందన్నది నిజమే గాని, తప్పనిసరి కావడంతోనే పాఠానికి మార్కులు, మార్కులకు ఫైళ్లు, ఫైళ్లకు స్టేషనరీ దుకాణంలో దొరికే సిద్ధం చార్టులు వచ్చిపడ్డాయి. మొక్కలు నాటి ఫొటో దిగడం ఎవరికీ ఇబ్బంది కలిగించదు. ఊరి చెరువులోకి మురుగు ఎక్కడి నుంచి వస్తున్నదో గీసిన పటం కలిగిస్తుంది.

ఆ ఇబ్బందికి కొంత చోటిచ్చినది 1993లో మొదలైన జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్. 10 నుంచి 17 ఏళ్ల పిల్లలు చిన్న జట్టుగా ఏర్పడి, గైడు టీచరు పర్యవేక్షణలో స్థానిక సమస్య మీద పరిశోధించి, మాతృభాషలోనే నివేదిక సమర్పించవచ్చుననే నియమం తెలుగు మాధ్యమపు పల్లె బడులకు తలుపు తెరిచింది. ఫ్లోరైడ్ పీడిత గ్రామంలో పరీక్ష కిట్టు చవకగా చేతికొచ్చిన నాడు పాత వరుస పూర్తిగా తిరగబడింది: గులాబీ రంగు ద్రావణం పసుపుకు తిరిగే తీరును బట్టి ఒకే వీధిలోని రెండు బోర్ల నీటికీ ఉన్న తేడాను పిల్లలే పట్టుకోగలరు, క్యాన్ నీళ్లు కొనుక్కోగల ఇల్లేదో కొనలేని ఇల్లేదో కూడా అదే పటంలో గుర్తించగలరు.

2014-15 సంవత్సరాలకు ఆ కాంగ్రెస్ ప్రధానాంశం వాతావరణం, శీతోష్ణస్థితి. ఒక ప్రాంతపు శీతోష్ణస్థితిని చెప్పడానికి సాధారణంగా 30 ఏళ్ల సగటు కావాలి గనుక, రెండు మూడు నెలల వర్షపు కొలతతో పిల్లలు తేల్చగలిగేది స్వల్పం. ఆ లోటు పూరించడానికి, మండల కార్యాలయపు వర్షపాత వివరాలను మృగశిర, ఆరుద్ర కార్తెలను బట్టి విత్తనాలు వేసిన వృద్ధ రైతుల జ్ఞాపకాలతో పోల్చి చూసే మార్గం ఉపాధ్యాయులకు ఉంది. తొలకరి ఆలస్యమైతే నష్టం అందరికీ ఒకటే కాదు; సొంత పొలం ఉన్నవాడికి పంట పోతుంది, కౌలు రైతుకు పంట పోయినా కౌలు చెల్లించక తప్పదు. ఆ రెండో నష్టానికి విద్యార్థుల పట్టికలో ఒక గడి ఉండాలా వద్దా అన్నది ఏ పాఠ్యప్రణాళికా చెప్పదు. దాన్ని నిర్ణయించేది ఆ ఏడాది ఆ బడిలో ఉన్న గైడు టీచరే.