విల్లు నుంచి వీడియా దాకా: తరిమెన పనిముట్ల సింహావలోకనం

చెక్క తిప్పే తరిమెన, అంటే లేత్, కొన్నవాళ్ళకు కొద్దిరోజుల్లోనే తెలిసివచ్చే సంగతి ఒకటుంది. ఖర్చు యంత్రంతో ఆగదు. ఉలులు, చక్‌లు, ఫేస్‌ప్లేట్లు, రకరకాల సెంటర్లు, పొడుగూ పొట్టీ టూల్ రెస్టులు, సానపట్టే జిగ్గులు అంటూ అమ్మేవాళ్ళ జాబితా సాగుతూనే ఉంటుంది. ఇందులో ఏది ముందు, ఏది తర్వాత, ఏది అసలే అక్కర్లేదు? ఈ ప్రశ్నకు దుకాణంలో కంటే చరిత్రలోనే నమ్మకమైన జవాబు దొరుకుతుందని నేను గట్టిగా అనుకుంటాను. తరిమెన మీద వాడే ప్రతి పనిముట్టూ ఎక్కడో ఒకచోట, ఎవరికో ఒకరికి పని అడ్డంపడినప్పుడు పుట్టింది. ఆ అడ్డంకి మన పనిలో ఎదురైతే ఆ పనిముట్టు కావాలి. ఎదురుకాకపోతే అది అల్మారాలో కూర్చుంటుంది.

ఈజిప్టులో తూనా ఎల్ గెబెల్ దగ్గర పెటోసిరిస్ అనే పూజారి సమాధి ఉంది. క్రీస్తుపూర్వం 300 ప్రాంతానిది. దాని గోడల మీద చెక్కిన పనివాళ్ళ బొమ్మల్లో తరిమెన ఉంది. మనకు దొరికిన తరిమెన బొమ్మల్లో అతి పాతవాటిలో ఇదొకటి. ఒకడు పట్టీని ముందుకూ వెనక్కూ లాగుతూ కర్రను తిప్పుతుంటాడు, ఇంకొకడు ఉలి పట్టుకుంటాడు. మోటారు లేదు, చక్ లేదు. కానీ ఈ పనిలోని మూడు చిక్కులూ ఆ బొమ్మలోనే ఉన్నాయి. కర్రను జారకుండా పట్టుకోవడం ఎలా? ఉలిని దేనిమీద ఆనించాలి? ఏ అంచుతో కోయాలి? ఆ తర్వాత రెండు వేల మూడు వందల ఏళ్ళలో వచ్చిన పనిముట్లన్నీ ఈ మూడింటిలో దేనికో ఒకదానికి జవాబులే.

పట్టీతో తిప్పినా, విల్లుతో తిప్పినా కర్ర ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరుగుతుంది. ఇటు తిరిగినప్పుడే ఉలి కోస్తుంది, అటు తిరిగేటప్పుడు చెయ్యి కొద్దిగా వెనక్కి తీయాలి. మధ్యయుగాల యూరపులో పైన వంగే గడకు తాడు కట్టి, కింద కాలితో తొక్కే తరిమెన వచ్చింది. దానితో రెండు చేతులూ ఉలికి దొరికాయి కానీ తిరుగుడు మాత్రం అటూ ఇటే. పదిహేనో శతాబ్దం చివర లియొనార్డో డావించి గీసిన చిత్రాల్లో కాలి మీట, వంకర ఇరుసు, బరువైన చక్రం ఉన్న తరిమెన కనిపిస్తుంది. అది ఒకే దిక్కుకు ఆగకుండా తిరుగుతుంది. అయినా పల్లెల్లో గడ తరిమెన వందల ఏళ్ళు చెక్కుచెదరలేదు. దాన్ని అడవిలోనే నాలుగు కర్రలతో నిలబెట్టుకోవచ్చు, పచ్చికర్రను కొట్టినచోటే తిప్పేయవచ్చు. ఇంగ్లండులో హై వికమ్ చుట్టుపక్కల బీచ్ అడవుల్లో కుర్చీకాళ్ళు తిప్పి ఫ్యాక్టరీలకు అమ్మిన పనివాళ్ళు ఇరవయ్యో శతాబ్దం దాకా అలాగే బతికారు.

ఆ పరంపరలో జార్జ్ లెయిలీ ఒకడు. బర్క్‌షైర్‌లోని బకిల్‌బరీలో గడ తరిమెన మీద గిన్నెలు తిప్పి జీవించాడు, 1958లో చనిపోయాడు. అతని తరిమెన, పనిముట్లు రెడింగ్‌లోని ఇంగ్లండు గ్రామీణ జీవన మ్యూజియంలో ఉన్నాయి. అతను పేరుబడ్డది ఒకే దుంగలోంచి ఒకదానిలో ఒకటి ఇమిడే గిన్నెలు తీయడంలో. మామూలు ఉలితో అది కుదరదు. గిన్నెకూ గిన్నెకూ మధ్య ఉన్న సందులో వంపు తిరుగుతూ లోపలికి పోవాలి. అందుకని పొడవాటి కాడ చివర కొక్కెంలా వంచిన ఉలులు వాడాడు. వంపు ఒక్కో గిన్నె కొలతకు ఒక్కో తీరు. ఇవాళ పెద్ద పెద్ద కంపెనీలు ఒకే దుంగలోంచి వరస గిన్నెలు తీసే పరికరాలు అమ్ముతున్నాయి. ఆ పనిని లెయిలీ కమ్మరి కొలిమికి తప్ప దేనికీ రుణపడకుండా చేశాడు. మంచి పనిముట్టు అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ కొక్కేలే. ఏ వంపు ఎందుకో తెలిసి చేసుకున్నవి.

మనదగ్గర తరిమెన ముద్ర చెక్క కంటే ముందు రాతి మీద కనిపిస్తుంది. 1163లో రుద్రదేవుడు కట్టించిన హనుమకొండ వేయిస్తంభాల గుడిలో నున్నగా, గుండ్రంగా, గాడులు తీరినట్టున్న స్తంభాలు చూసినవాళ్ళు తరిమెన పట్టినవనే అంటారు. చెక్కలోనయితే మంచంకోళ్ళు, కవ్వాలు, బొంగరాలు, ఉయ్యాల గొలుసుల మధ్య పూసలు, ఆడపిల్లల లక్కపిడతలు మనిళ్ళలో తరాలు నిలిచాయి.

లక్కపిడతలంటే ఏటికొప్పాక. వరాహనది ఒడ్డున, ఇప్పటి అనకాపల్లి జిల్లాలో ఉంది. అక్కడి పనికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగుల్ని తిరిగి నిలబెట్టిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు. తరిమెన పనిముట్లు ఎంచుకోవడం గురించి చదివేవాళ్ళు ఏటికొప్పాకను దగ్గరనుంచి చూడాలి. అక్కడ మొదట ఎంచుకున్నది ఉలిని కాదు, కర్రను. అంకుడు కర్ర మెత్తన, సన్నని పోగు, తెల్లటి రంగు. ఉలి కింద చీలకుండా పట్టులా వస్తుంది, కాబట్టి ఖరీదైన ఉక్కు లేకుండానే పని సాగింది. తిప్పి ఆకారం తెచ్చాక రంగు కలిపిన లక్కకడ్డీని తిరిగే కర్రకు అదిమి పట్టుకుంటారు. రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి కర్ర మీద పరుచుకుంటుంది. పొయ్యి అక్కర్లేదు, కుంచె అక్కర్లేదు. తర్వాత మొగలి ఆకు మడిచి అదే తిరుగుడు మీద ఒత్తితే లక్క సమంగా సర్దుకుని మెరుపెక్కుతుంది. మన తీరాన ఊరికే పెరిగే మొగలి ఆకు ఇక్కడ ఒక యాక్సెసరీ. వేగం మరీ తక్కువైతే లక్క కరగదు, మరీ ఎక్కువైతే మాడి రంగు చెడుతుంది. పాత రోజుల్లో ఒకరు తాడు లాగితే ఇంకొకరు ఉలి పట్టేవారు, ఇప్పుడు మోటారు ఉంది. లక్క మాత్రం అదే రాపిడితో కరుగుతుంది.

యూరపులో కథ వేరే దారి పట్టింది. మార్సేకు చెందిన సన్యాసి, వృక్షశాస్త్రజ్ఞుడు షార్ల్ ప్లుమియే 1701లో తరిమెన పని మీద పెద్ద గ్రంథం వేశాడు. ఈయన పేరే మన పెరట్లో దేవగన్నేరుకు శాస్త్రనామమైంది. రాజులు, ప్రభువులు తరిమెన పట్టడం ఆ కాలంలో గొప్ప వినోదం. రష్యా చక్రవర్తి పీటర్ వాడిన తరిమెనలు ఇప్పటికీ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్నాయి. ఆ మోజుకు పరాకాష్ఠ లండన్‌లో హోల్ట్‌జాఫెల్ కుటుంబం. 1790లలో మొదలైన ఆ సంస్థ దంతం మీద, నల్లచేవ మీద లతలు, గళ్ళు, తరంగాలు చెక్కే అలంకార తరిమెనలు చేసింది. ఒక్కో తరిమెనకు తోడుగా సొరుగుల బీరువా నిండా కట్టర్లు, చక్‌లు వెళ్ళేవి. 1843లో చార్లెస్ హోల్ట్‌జాఫెల్ మొదలుపెట్టిన గ్రంథమాలను కొడుకు కొనసాగించాడు. లోహం, చెక్క, రాపిడి పదార్థాల గురించి దాన్ని మించిన పుస్తకం చాలాకాలం రాలేదు. ఆ బీరువాల పనితనానికి నేను చేతులు జోడిస్తాను. కానీ సెట్టుకు సెట్టు కొనేయాలన్న ఆశకు బీజం కూడా అక్కడే పడింది. నూరు కట్టర్లున్న ప్రభువు కంటే నాలుగు కొక్కేలున్న లెయిలీ ఎక్కువ మంది చేతుల్లో గిన్నె పెట్టాడు.

1800 ప్రాంతంలో హెన్రీ మాడ్స్‌లే ఉలిని చేతిలోంచి తీసి, మరచుట్టు మీద జరిగే బండికి బిగించాడు. ఇనుప పని ఆ దారిన పోయింది. చెక్కపని చేతిలోనే ఉండిపోయింది, ఉండాలి కూడా. కర్ర పోగు దిక్కు మారిన ప్రతిచోటా మణికట్టు కొద్దిగా తిరగాలి. ఆ తిరుగుడును బండి తెలుసుకోలేదు. అయితే ఇనుప పని నుంచి చెక్కపనికి ఒక పెద్ద మేలు దక్కింది. 1860లలో అమెరికాలో స్టీఫెన్ మోర్స్ తెచ్చిన వాలు. ఇవాళ మధ్యరకం లేత్‌లలో రెండు కొసలా ఉండే రెండో నంబరు మోర్స్ టేపర్ బొక్క ఆయన చలవే. సెంటరు గానీ డ్రిల్ చక్ గానీ దానిలోకి నెడితే మరలేకుండా బిగుసుకుంటుంది. అందుకే పనిముట్లు కొనేముందు రెండు కొలతలు కాగితం మీద రాసుకోవాలి: టేపర్ నంబరు, స్పిండిల్ మర కొలత. అంగుళానికి 8 చుట్లున్న ఒక అంగుళం మర ఒక రకం, 33 మిల్లీమీటర్ల మర ఇంకో రకం. ఇవి చూసుకోకుండా తెప్పించిన చక్ పెట్టె విప్పగానే పనికిరాదని తేలుతుంది.

ఇక అంచు సంగతి. వందల ఏళ్ళు ఉలి అంటే కార్బన్ ఉక్కే. అది చక్కగా పదునెక్కుతుంది కానీ సానరాయి మీద కొంచెం ఎక్కువసేపు ఆగినా నీలిరంగు తిరిగి, పెట్టిన నీరు పోయి మెత్తబడుతుంది. 1900కు కాస్త అటూ ఇటూ అమెరికాలో బెత్లహేమ్ ఉక్కు కర్మాగారంలో ఫ్రెడరిక్ టేలర్, మాన్సెల్ వైట్ కలిసి హైస్పీడ్ స్టీల్‌ను రూపొందించారు. అది దాదాపు 600 డిగ్రీల దాకా గట్టితనం వదలదు. లోహం కోసేవాళ్ళు వెంటనే అందుకున్నారు. చెక్క తిప్పేవాళ్ళకు అది మామూలు సరుకు కావడానికి ఎనిమిది దశాబ్దాలు పట్టింది. 1980లకు షెఫీల్డ్ ఉలుల మీద ఆ ముద్ర సాధారణమైంది.

ఉక్కు మారినా సాన తప్పలేదు. కొత్తవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు ఇక్కడే. ఆరు ఉలులు కొని, సానపట్టే సాధనాన్ని తర్వాతకు వాయిదా వేస్తారు. అంచు పోయిన ఉలిని కర్రకు అదిమినకొద్దీ కోత పోయి గీకుడు మొదలవుతుంది, ఉప్పు కాగితం మీద ఉప్పు కాగితం అరిగిపోతుంది. మన కరెంటు మీద మామూలు బెంచ్ గ్రైండర్ నిమిషానికి 2800 చుట్లకు పైగా తిరుగుతుంది. దానితో వచ్చే ముతక బూడిదరంగు రాయి ఉలికి శత్రువు. దాన్ని తీసి 60 నుంచి 80 గ్రిట్ తెల్లరాయి వేసుకుని, ఉలి కోణం కదలకుండా పట్టే జిగ్ ఒకటి తెచ్చుకుంటే చాలు. ప్రతిసారీ అదే కోణం దొరుకుతుంది, వెంట్రుకవాసి ఉక్కు మాత్రమే పోతుంది. డబ్బు పరిమితంగా ఉంటే నాలుగు ఉలులు, ఒక సాన. ఉలుల్లో కర్రను గుండ్రం చేసే రఫింగ్ గౌజ్, పూసలూ గాడులూ తీసే స్పిండిల్ గౌజ్, నున్నగా కోసే ఏటవాలు స్క్యూ, తెగ్గోసే పార్టింగ్ టూల్. మంచంకోళ్ళు, బొంగరాలు, చపాతీ కర్రలు అన్నీ వీటితోనే అవుతాయి.

గిన్నెలు తిప్పాలంటే లెక్క మారుతుంది. ఇరవయ్యో శతాబ్దంలో జేమ్స్ ప్రెస్టిని, బాబ్ స్టాక్స్‌డేల్, తర్వాత డేవిడ్ ఎల్స్‌వర్త్, రిచర్డ్ రాఫన్ వంటివాళ్ళ పనితో గిన్నె ఇంటి సామాను స్థాయి దాటి ప్రదర్శనశాలకు ఎక్కింది. 1986లో అమెరికన్ తరిమెనకారుల సంఘం ఏర్పడింది. ఆ ఊపులోనే గుండ్రటి కడ్డీలో లోతుగా గాడి తీసిన బౌల్ గౌజ్ ఒక రూపానికి వచ్చింది. రెక్కలు వెనక్కి వాలేలా సానపట్టే పద్ధతికి ఎల్స్‌వర్త్ పేరే నిలిచింది. ఇక్కడొక హెచ్చరిక. రఫింగ్ గౌజ్ వెడల్పుగా ఉంది కదా అని గిన్నె మీద పెట్టకూడదు. దాని పిడిలోకి పోయే తోక సన్నం. పోగుకు అడ్డంగా అంచు చిక్కుకుంటే ఆ తోక విరిగి ఇనుము మొహం మీదికి వస్తుంది.

నాలుగు దవడల స్క్రోల్ చక్ కథ కూడా ఇదే కాలంలో తేలింది. లేత్ చక్‌కు అమెరికాలో 1830లోనే సైమన్ ఫెయిర్‌మన్ పేటెంటు తీసుకున్నాడు. అయినా చెక్కపనిలో చాలాకాలం ఫేస్‌ప్లేటు మరలు, కాగితం మధ్యన పెట్టి అంటించిన బంక, గుంటలో సుత్తితో దిగ్గొట్టడం లాంటి ఉపాయాలే నడిచాయి. 1980లలో న్యూజిలాండ్, ఇంగ్లండు కంపెనీలు చెక్కకు తగిన దవడలతో చక్‌లు తెచ్చాయి. లోపల సుడి తిరిగిన గాడి ఉన్న పళ్ళెం ఉంటుంది. తాళం తిప్పితే నాలుగు దవడలూ ఒకేసారి నడిమికి వస్తాయి. పట్టు ఎక్కడ నిలుస్తుందో తెలుసుకోవడమే అసలు విద్య. గిన్నె అడుగున వదిలిన గుండ్రటి బొడిపె దవడల అడుగును తాకకూడదు. బొడిపె చుట్టూ ఉన్న చదును దవడల నెత్తిన ఆనాలి. దవడలు దాదాపు పూర్తిగుండ్రంగా మూసుకునే కొలతకే బొడిపె తిప్పుకోవాలి. అంతకంటే లావయితే నాలుగు మూలలే కరుస్తాయి, గిన్నె ఎగిరిపోతుంది. గిన్నెలు తిప్పేవాళ్ళకు ఒక మంచి చక్, రెండు జతల దవడలు సరిపోతాయి. కోళ్ళు తిప్పేవాళ్ళకు అసలే అక్కర్లేదు, రెండు సెంటర్ల మధ్య పని కాబట్టి.

ఈ పాతికేళ్ళలో కొత్తగా వచ్చింది కార్బైడ్ బిళ్ళల ఉలి. 1920లలో జర్మనీలో పుట్టిన టంగ్‌స్టన్ కార్బైడ్‌ను మన వర్క్‌షాపులు వీడియా అంటాయి. బిళ్ళ మొద్దుబారితే కొద్దిగా తిప్పి బిగిస్తే కొత్త అంచు, సాన అవసరం లేదు. రెజిన్ పోసిన దిమ్మలకూ, పెన్నులు తిప్పేవాళ్ళకూ అది మంచిదే. కానీ ఎక్కువ రకాలు గీకుతాయి, కోయవు. అంకుడు లాంటి మెత్తని కర్ర మీద పోగు చింపుతాయి. ముందే వీడియాకు అలవాటుపడ్డ చెయ్యి ఉలి అంచు వెనకున్న వాలును కర్రకు ఆనించి కోయడం నేర్చుకోవడానికి బద్దకిస్తుంది. నేర్చుకున్నాక తెచ్చుకుంటే తప్పులేదు.

వేగానికి ఒక పాత లెక్క పనికొస్తుంది. కర్ర అడ్డకొలతను అంగుళాల్లో తీసుకుని చుట్ల సంఖ్యతో గుణిస్తే 6000కూ 9000కూ మధ్య ఉండాలి. పది అంగుళాల గిన్నెకు 600 నుంచి 900 చుట్లు. పగులున్న కర్రకు అంతకన్నా తక్కువ, లేదా అసలు ఎక్కించకపోవడం. ఇక మొహానికి పూర్తి కవచం, ముక్కుకు సరిగ్గా కూర్చునే దుమ్ము మాస్కు. కళ్ళజోడు ఒక్కటే చాలదు. చెక్కపొడిని 1995లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. ఉప్పు కాగితం పట్టేటప్పుడు లేచే సన్నపొడి ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది, ఎదురుగా ఫ్యాను పెట్టుకుంటే మొహం మీదికే తోస్తుంది. మూరెడు దూరంలో దుమ్ములాగే గొట్టం అమర్చుకోవాలి. ఇవేవీ లేత్ పెట్టెలో రావు, ఏ ఉలుల సెట్టులోనూ ఉండవు. మొదటి ఉలితో పాటే విడిగా అడిగి తీసుకోవాలి.