ఈసీ కాగితం వెనక ఒక ఇండెక్స్ మైగ్రేషన్ కథ

సెర్చ్ ఇండెక్స్ మైగ్రేషన్ అనగానే మనవాళ్ళకి లూసీన్, సోలార్, ఎలాస్టిక్‌సెర్చ్ గుర్తొస్తాయి. డగ్ కట్టింగ్ లూసీన్ రాసింది 1999లో. దానికి ఒక ఏడాది ముందే మన రాష్ట్రంలో ఒక పెద్ద ఇండెక్స్ పుస్తకాల్లోంచి కంప్యూటర్లలోకి మారింది. దాని జవాబుని నమ్మి మనలో చాలామంది స్థలాలు కొన్నారు, బ్యాంకు లోన్లు కూడా తీసుకున్నారు. అదే రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఇచ్చే ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చదివితే ఎవరో సెర్చ్ ఇంజినీరు కూర్చుని రాశాడేమో అనిపిస్తుంది :) భూమి దస్తావేజులన్నీ ఒకటో నంబరు పుస్తకంలోకి ఎక్కుతాయి. దానికి రెండు ఇండెక్సులు. మొదటిది పేర్ల మీద: రాసిచ్చినవాళ్ళు, రాయించుకున్నవాళ్ళు. రెండోది ఆస్తి మీద. దస్తావేజు నకలు పూర్తవగానే, వీలైనంత వెంటనే ఇండెక్స్‌లో ఎక్కించాలని కూడా రాశారు. పొలం రెండు ఆఫీసుల పరిధిలో ఉంటే ఒక ఆఫీసు రెండోదానికి మెమో పంపాలి. మన భాషలో రెప్లికేషన్ అన్నమాట. ఒకటో పుస్తకం ఇండెక్సుల్ని ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు. నాలుగో పుస్తకం నకళ్ళు మాత్రం సంబంధం ఉన్నవాళ్ళకే.

మా నెల్లూరు జిల్లా కొడవలూరులో ఎవరో అరెకరం వరిమడి కొంటున్నారనుకోండి. పాత రోజుల్లో గుమాస్తా ఏడాదికో సంపుటం చొప్పున ఇండెక్స్ తిరగేయాలి. 30 ఏళ్ళ ఈసీ కావాలంటే 30 ఏళ్ళ పుస్తకాలు. ఎన్నేళ్ళు అడిగితే అంత పని. కానీ ఆ ఇండెక్స్‌లో ఒక మంచి గుణం ఉంది. 1953లో జిల్లా మద్రాసు రాష్ట్రం నుంచి ఆంధ్రకి వచ్చింది, 1956లో ఆంధ్రప్రదేశ్ అయింది, 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. పైన ఇన్ని మారినా ఊరి పేరు, సర్వే నంబరు అనే కీ అలాగే ఉంది. అందుకే పాత పుస్తకం పనికొస్తూనే వచ్చింది.

1998 నవంబరు 4న కార్డ్ ప్రాజెక్టు 214 ఆఫీసుల్లో మొదలైంది. దీన్ని నడిపించింది జె. సత్యనారాయణ గారు. రోజులు పట్టే ఈసీ నిమిషాల్లో రావడం మొదలైంది. దానికోసం పాత ఇండెక్స్‌ని మనుషులు కూర్చుని టైపు చేయాలి. మొత్తం చేయాలంటే ఎప్పటికి తెమలాలి? అందుకని ఒక గీత గీశారు. ఇప్పటికీ ఆంధ్రప్రదేశ్ ఆన్‌లైన్ ఈసీ 1983 జనవరి 1 నుంచే వస్తుంది. 1998లోంచి 1983 తీసేయండి, 15 ఏళ్ళు. మనమైనా అదే చేసేవాళ్ళం: ఎక్కువగా అడిగే డేటా ముందు, మిగతాది తర్వాత. నేను తప్పు పట్టను.

చిక్కు ఇంకోచోట ఉంది. 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం తాకట్టు విడిపించుకునే దావాకి 30 ఏళ్ళ గడువు. 1975లో ఒక రైతు స్వాధీన తనఖా పెట్టిన పొలాన్ని, తనఖా పట్టినాయన 1998లో తన సొంతమని అమ్మాడనుకుందాం. అసలు రైతు హక్కు ఇంకా బతికే ఉంది, కానీ కంప్యూటర్లోకి ఎక్కలేదు. "లేదు" అన్న జవాబుకీ, "అక్కడ వెతకలేదు" అన్న జవాబుకీ తేడా యంత్రానికి తెలీదు. 2013 వచ్చేసరికి ఆ కిటికీ దానంతటదే 30 ఏళ్ళకి పెరిగింది. కానీ 1960ల నాటి పంపకాల దస్తావేజు ఇవాళ్టికీ ఆన్‌లైన్ ఈసీలో కనబడదు. రిజిస్టరు కాని నోటిమాట పంపకాలు ఏ ఇండెక్స్‌లోనూ ఉండవు, అది వేరే సంగతి.

ఇక డేటా శుభ్రత. 245/2, 245-2, "245/2 పైకి" - మూడూ ఒకటేనని గుమాస్తా కంటికి తెలుసు, ఎగ్జాక్ట్ మ్యాచ్‌కి తెలీదు. వెంకట్రమణయ్య, వెంకటరమణయ్య సంగతి సరేసరి. అంకణమంటే 36 చదరపు అడుగులు లెక్కపెట్టే ఊళ్ళూ ఉన్నాయి, 72 లెక్కపెట్టే ఊళ్ళూ ఉన్నాయి. ఇలాంటివన్నీ నోటికి తెలిసిన కరణాల వ్యవస్థ 1984లోనే రద్దయింది. అంటే పుస్తకాల్లో రాయని మెటాడేటా మైగ్రేషన్‌కి ముందే చెదిరిపోయిందన్నమాట.

ఇప్పుడు కీ కూడా మారుతోంది. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో, సర్వే పూర్తయిన ఊళ్ళల్లో సర్వే నంబర్ల బదులు ఎల్‌పీఎం నంబర్లు ఇచ్చారు. 1953, 1956, 1985 కదపలేనిదాన్ని ఇది కదిపింది. పాత నంబరు నుంచి కొత్త నంబరుకి పట్టిక సరిగ్గా లేకపోతే, దస్తావేజు భద్రంగానే ఉంటుంది, వెతికితే మాత్రం దొరకదు. పొలం అమ్ముకోవాలన్నా, లోను తెచ్చుకోవాలన్నా ఆ రైతుకి ఆఫీసుల చుట్టూ తిరగడమే మిగుల్తుంది.

పాత ఈసీ కాగితంలో నాకు బాగా నచ్చినది ఒకటుంది. లావాదేవీలు ఏమీ లేవని ఇచ్చే 16వ నంబరు ఫారంలో కూడా ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు వెతికారో రాస్తారు. మనం రాసే సెర్చ్ పేజీల్లో "ఫలితాలు లేవు" అని ఊరుకుంటాం. ఇండెక్స్ సగమే మారినా అదే మాట, పూర్తిగా మారినా అదే మాట. ఈసారి మైగ్రేషన్ చేసేటప్పుడు ఆ ఒక్క వరస కలిపి చూడండి: ఎంతవరకు వెతికామో. అలాగే ఊళ్ళో పొలం కొనేముందు, ఆన్‌లైన్ ఈసీ తెల్లగా వచ్చిందని సంబరపడకుండా, 1983కి ముందుదానికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత ఇండెక్స్ వెతికించండి. ఆ పుస్తకాలు అడిగేవాళ్ళుంటేనే వాటిని జాగ్రత్తగా ఉంచుతారు.