పెండ్లికి జీతం లెక్క

బ్రిటన్‌లో స్థిరపడినవాళ్ళ సంబంధం వస్తే "పెండ్లయితే వీసా వస్తుంది కదా" అంటారు మన ఆనేకల్‌లో. అంత సులభం కాదు.

1980లలో ఒక రూలుండేది. ఇక్కడి మొగుడు ఆ దేశం చేరడానికే పెండ్లి చేసుకోలేదని రుజువు చేయాల. మనసులో మాటకు సర్టిఫికెట్ ఎవరిస్తారు? 1997లో దాన్ని ఎత్తేసినారు. 2012 జులైలో మనసు బదులు జీతం వచ్చింది: అక్కడుండే భార్యో భర్తో ఏడాదికి 18,600 పౌండ్లు సంపాదించాల. 2017లో వాళ్ళ సుప్రీం కోర్టు, పిల్లల మేలు సరిగా చూడలేదని తప్పుపట్టింది కానీ జీతం షరతును కొట్టేయలేదు. 2024 ఏప్రిల్‌లో అది 29,000 అయింది.

ఇక్కడ అల్లుడు ఎంత సంపాదించినా మామూలుగా లెక్కకు రాదు. సైటు ఉంటే చాలదు; దానిమీద బాడుగ వస్తే చూస్తారు. జీతమే లేకుంటే 88,500 పౌండ్లు నిలవ చూపాల.

మా రైల్వేలోనూ జీతాన్ని బట్టి పాసు క్లాసు మారేది. పెండ్లాన్ని బండి ఎక్కించవద్దని మాత్రం ఎవరూ అనలేదు.

ఇట్లాంటి సంబంధం వస్తే తాంబూలాలకు ముందే అక్కడివాళ్ళ ఆరు నెలల పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అడగండి. మొహమాటం వద్దు.